మార్కెటింగ్ ఏజెన్సీలో ఉద్యోగం నిజానికి ఎలా ఉంటుంది?

ప్రశ్న: చిత్తుప్రతి

అందరికీ నమస్కారం. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కంటెంట్ రైటర్‌గా పనిచేస్తున్నాను. మార్కెటింగ్ విభాగంలో రాసేది నేనొక్కదాన్నే కావడంతో వెబ్‌సైట్ పేజీల నుంచి ఈమెయిళ్ల దాకా అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి గాని, రాసింది బాగుందో లేదో చెప్పగలిగిన మనిషి పక్కన లేరు. ఇటీవల ఒక మధ్యతరహా మార్కెటింగ్ ఏజెన్సీ నుంచి కాపీరైటర్ (ప్రకటనల్లోని మాటలు రాసేవారు) ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మొదటి విడత ఇంటర్వ్యూ కూడా అయింది.

ఏజెన్సీల గురించి నేను విన్న మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కంపెనీలో ఐదేళ్లకు వచ్చే పనితనం అక్కడ రెండేళ్లకే వస్తుందని కొందరంటారు. అక్కడ నేర్చుకునేది రాత్రిళ్లు మేలుకోవడం ఒక్కటేనని మరికొందరంటారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు కాని, ఎందుకలా ఉంటుందో విడమరచి చెప్పినవారు మాత్రం కనిపించలేదు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, క్లయింటుతో కాపీరైటర్ నేరుగా మాట్లాడవలసి వస్తుందా, రాసినదాన్ని ఎంతమంది దిద్దుతారు, ఇంటర్వ్యూలో పదేపదే వినిపించిన ఆ టైమ్‌షీట్లకు అంత ప్రాధాన్యం దేనికి? ఏజెన్సీలో పనిచేస్తున్నవారు, చేసి మానేసినవారు తీరిక చేసుకుని రాస్తే మేలు చేసినవారవుతారు.

సమాధానం: పాతకాపు

చిత్తుప్రతి గారూ, మీరు విన్న రెండు మాటలకూ మూలం ఒక్కటే. ఏజెన్సీ అమ్మే సరుకు ప్రకటన అని బయటివారు అనుకుంటారు గాని, బిల్లులో కనిపించేది మనుషుల సమయం. అక్కడి పద్ధతుల్లో మొదట వింతగా తోచేవి చాలావరకు ఇక్కడి నుంచే పుట్టుకొచ్చాయి.

ఆరంభంలో ఇలా ఉండేది కాదు. 1840లలో ఫిలడెల్ఫియాలో వోల్నీ పామర్ ఈ వ్యాపారం మొదలుపెట్టిన నాటికి ఏజెన్సీ అంటే వార్తాపత్రికల్లో ఖాళీ స్థలాన్ని అమ్మిపెట్టే దళారీ మాత్రమే. కమిషన్ పత్రిక ఇచ్చేది, ప్రకటనలోని మాటలు ప్రకటనదారే రాసుకునేవాడు. తరువాతి కాలంలో రాత, బొమ్మ, పరిశోధన అన్నీ ఏజెన్సీ నెత్తిన పడినా, ఆదాయం మాత్రం మీడియా ఖర్చు మీద 15 శాతం కమిషన్ రూపంలోనే దశాబ్దాల తరబడి సాగింది. అమెరికాలో 1956లో న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం తరువాత పరిశ్రమ సంఘం ఆ రేటును తన సభ్యుల చేత కట్టుదిట్టంగా పాటింపజేయడం ఆగిపోయింది. 1960లో డేవిడ్ ఓగిల్వీ ఏజెన్సీ షెల్ కంపెనీ పనిని కమిషన్‌కు బదులు రుసుము మీద ఒప్పుకుంది. కమిషన్ అయితే ఎవరూ అడగరు గాని, రుసుము అనేసరికి అది దేనికి అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు పరిశ్రమ చూపించిన జవాబు పని గంటల లెక్క. ఇంతకంటే మంచి జవాబు దొరికి ఉండవలసిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, కాని ఇప్పటికీ ఎక్కువ ఏజెన్సీలు దాని మీదే నడుస్తున్నాయి.

అందుకే టైమ్‌షీట్. క్లయింటు పేరు, పని కోడ్, పట్టిన సమయం అన్న మూడు గడులుంటాయి, సమయాన్ని చాలాచోట్ల పావుగంటల్లో రాస్తారు. నెలకు 40 గంటల పనికి రిటైనర్ (నెలవారీ స్థిర రుసుము) కుదుర్చుకున్న క్లయింటుకు 65 గంటలు ఖర్చయ్యాయని టైమ్‌షీట్ చెబితే, ఏజెన్సీ ఆ 25 గంటలనూ ఉచితంగా పోగొట్టుకున్నట్టే. దానికి ఓవర్‌సర్వీసింగ్ అని పేరు, నెలాఖరు సమావేశాల్లో ఆ మాట వినిపించినంతగా మరే మాటా వినిపించదు. కొందరు మేనేజర్లు అదనపు గంటలు రాయవద్దని మెల్లగా సూచిస్తారు. మీరు మాత్రం ఉన్నదున్నట్టు రాయండి, ఎందుకంటే వచ్చే ఏడాది ఆ క్లయింటు రుసుమును పెంచమని అడగడానికీ, మీ బృందంలో మరొకరిని తీసుకోవడానికీ ఏజెన్సీ చేతిలో ఉండే ఆధారం ఆ గడులే. శుక్రవారం సాయంత్రం వారం మొత్తాన్ని గుర్తు తెచ్చుకుని నింపేవారి టైమ్‌షీట్‌లో మంగళవారానికీ బుధవారానికీ తేడా ఉండదు. ఏ రోజుది ఆ రోజు రాసుకుంటే ఆ తంటా ఉండదు.

ఇక పని సంగతి. అంతా బ్రీఫ్‌తో మొదలవుతుంది. క్లయింటు ఏం కోరుతున్నాడో, ఏజెన్సీ తరఫున అతని వ్యవహారాలు చూసే అకౌంట్ మేనేజర్ రాసి ఇచ్చే కాగితం అది. ఒకటి రెండు పేజీలకు మించదు గాని, తరువాతి మూడు వారాలు సుఖంగా గడుస్తాయా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. ‘యువతను ఆకట్టుకోవాలి, ఖరీదైనదిగా అనిపించాలి, అయినా అందరికీ చేరువగా ఉండాలి’ అని రాసి ఉన్న బ్రీఫ్ మీద పని మొదలుపెట్టడమంటే కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించడమే. అలాంటిది చేతికి వచ్చినప్పుడు ‘ఈ ప్రకటన చూసిన మనిషి ఇప్పుడు చేయని ఏ పని చేయాలి?’ అని అడిగి, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చేదాకా రాయడం మొదలుపెట్టకపోవడమే మంచిది. కొనుగోలుదారు తరఫున ఈ ప్రశ్న అడగడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాలన్న ఆలోచన 1968 ప్రాంతంలో లండన్‌లో రెండు ఏజెన్సీల్లో దాదాపు ఒకేసారి రూపుదిద్దుకుంది. దాన్నే అకౌంట్ ప్లానింగ్ అంటారు. మధ్యతరహా ఏజెన్సీల్లో ప్లానర్ ఉన్నా ఐదారుగురు క్లయింట్ల మధ్య చీలిపోయి ఉంటారు కాబట్టి, ఆ పనిలో కొంత మీరే చేయవలసి వస్తుంది. నా దృష్టిలో అది నష్టం కాదు.

మీకు తోడుగా బొమ్మల పని చూసే ఒక ఆర్ట్ డైరెక్టర్ ఉంటారు. పూర్వం కాపీరైటర్ మాటలు టైపు చేసి ఆర్ట్ విభాగానికి పంపిస్తే వారు బొమ్మ వేసి పంపేవారు. 1949లో మొదలైన డాయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీలో బిల్ బెర్న్‌బాక్ ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. ఆ జంట పద్ధతి నేటికీ మారలేదు. ఇప్పటిదాకా ఒంటరిగా రాసిన మీకు ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే అవుతుందని నా అంచనా. మీరు నాలుగు వాక్యాల్లో చెప్పదలచుకున్నదాన్ని పక్కనున్న మనిషి ఒక బొమ్మతో చెప్పి, ‘ఇక ఈ నాలుగూ ఎందుకు?’ అని అడుగుతారు. మొదట్లో కోపం వస్తుంది.

దిద్దే చేతుల గురించి అడిగారు. రాతకూ బొమ్మకూ పెద్ద అయిన క్రియేటివ్ డైరెక్టర్, అకౌంట్ మేనేజర్, క్లయింటు మార్కెటింగ్ మేనేజర్, ఆ పైన వారి అధికారి, చివరికి వారి న్యాయవిభాగం, ఇలా ఐదు చోట్ల ఆగుతుందనుకోండి. ఉదాహరణకు ఒక ఆర్థిక సంస్థ కోసం ‘ఒక్క రోజులో ఖాతా’ అని శీర్షిక రాశారనుకుందాం. న్యాయవిభాగం దాన్ని ‘సమర్పించిన పత్రాలన్నీ సక్రమంగా ఉన్న పక్షంలో సాధారణంగా ఒక పనిదినంలోగా ఖాతా తెరిచే అవకాశం ఉంది’ అని మార్చి పంపుతుంది. వారు తప్పు చేయలేదు, అది వారి బాధ్యత. ఇక్కడ అనుభవం లేని రచయిత పాత శీర్షిక కోసం పోట్లాడతాడు, లేదా కొత్త వాక్యాన్ని అలాగే అచ్చుకు పంపుతాడు. పని తెలిసిన రచయిత ‘ఒక్క పనిదినంలో ఖాతా’ అని శీర్షికను నిలబెట్టి, షరతును దాని కిందే చదవగలిగేంత పరిమాణంలో ‘పత్రాలు సక్రమంగా ఉంటే’ అని పెట్టి, ఎందుకిలా చేశాడో రెండు ముక్కల్లో రాసి తిరిగి పంపుతాడు. రెండేళ్లలో చేతికొస్తుందని మీకు చెప్పిన పనితనంలో సగం ఇదే.

క్లయింటుతో నేరుగా మాట్లాడడం ఏజెన్సీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల అకౌంట్ బృందం దాటి ఎవరినీ పోనివ్వరు. మీకు అవకాశం ఉంటే మాత్రం ప్రజెంటేషన్‌కు వెళ్లండి. మీరు రాసినదాన్ని మరొకరు చదివి వినిపించడం, మీరే వినిపించడం ఒకటి కాదు.

సమాధానం: మీడియా లెక్కలు

పాతకాపు గారు సృజన విభాగం వైపు నుంచి రాశారు. ఏజెన్సీలో మరో సగం ఉంది, దాని గురించి కాపీరైటర్లు సాధారణంగా తెలుసుకోరు. తెలుసుకుంటే వారి రాత బాగుపడుతుందన్నది నా నమ్మకం. నేను డిజిటల్ మీడియా కొనుగోలు చేసే బృందంలో ఉన్నాను.

ఉదయం మొదటి పని ఖర్చు చూడడం. ప్రతి క్లయింటు నెల బడ్జెట్‌లో ఈపాటికి ఎంత ఖర్చు కావాలి, ఎంత అయింది, మిగిలిన రోజులకు సరిపోతుందా అని పోల్చి చూసుకుంటాం. దీన్ని పేసింగ్ అంటాం. గూగుల్ యాడ్స్‌లో రోజువారీ సగటు బడ్జెట్ పెట్టినా, ఒక్కో రోజు దానికి రెండింతల దాకా ఖర్చు కావచ్చు, నెల మొత్తానికి మాత్రం ఆ సగటుకు 30.4 రెట్లు దాటదు. ఈ నియమం తెలియని క్లయింటు ఒక ఉదయం రెట్టింపు ఖర్చు చూసి కంగారుగా ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్‌కు కంగారు పడకుండా జవాబు చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే.

కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టే ముందు ఇద్దరం కూర్చుని ప్రతి గడినీ చూస్తాం. బడ్జెట్ రోజుకా మొత్తానికా, ముగింపు తేదీ పెట్టామా లేదా, లింకు నొక్కితే సరైన పేజీకి వెళ్తోందా, ఆ పేజీలో వచ్చినవారిని లెక్కించే ట్రాకింగ్ కోడ్ ఉందా, ప్రాంతం ఎంపికలో అక్కడ ఉన్నవారు మాత్రమే అని ఉందా లేక ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవారు కూడా అని ఉందా అని చూస్తాం. ఈ చివరిదాన్ని గూగుల్ యాడ్స్ తనంతట తాను విశాలమైన పద్ధతిలోనే ఉంచుతుంది, మనం వెళ్లి మార్చుకోవాలి. మన చేతిలో ఉన్నది ఇంకొకరి సొమ్ము, తప్పుడు గడిలో పడిన ఒక సున్నా రాత్రికి రాత్రే ఖర్చయిపోతుంది. అందువల్ల ఈ విభాగంలో చురుకుదనం కంటే నిదానానికి విలువ ఎక్కువ. ఏజెన్సీ అంటే ఎప్పుడూ హడావుడి అన్న మాట మా వరుసలో అంతగా వర్తించదు, నెలాఖరులో తప్ప.

నెలాఖరుకు రిపోర్టులు. ఎంతమంది చూశారు, ఎంతమంది నొక్కారు, ఎంతమంది కొన్నారు అన్న లెక్కలు తీయడం ఇప్పుడు తేలికే, ఆ లెక్కలు ఎంతవరకు నమ్మదగినవో క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చాక, తమను వెంటాడి గమనించడానికి యాప్‌లు ఐఫోన్ వాడేవారి అనుమతి అడగవలసి రావడంతో, జరిగిన కొనుగోళ్లలో కొన్ని ప్రకటనల ఖాతాలో కనిపించడం మానేశాయి. అమ్మకాలు పడిపోలేదు, కనిపించేవి తగ్గాయి. 2023 జులైలో గూగుల్ వెబ్‌సైట్ సందర్శకులను లెక్కించే తన పాత యూనివర్సల్ అనలిటిక్స్‌ను ఆపి కొత్త పద్ధతికి మారినప్పుడు, పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన ఎందుకు కుదరదో క్లయింట్లకు చెప్పడంతో మాకు నెలలు గడిచాయి. ఒక వేదిక తన ప్రకటనల వల్లే జరిగిందని చెప్పుకునే అమ్మకాన్ని మరో వేదిక కూడా తనదేనని చెప్పుకుంటుంది. రెండింటినీ కలిపితే మొత్తం అమ్మకాల కంటే ఎక్కువ వస్తుంది. ఈ మాట క్లయింటుకు ముందే చెప్పే ఏజెన్సీ ఒక రకం, పెద్ద అంకె అందంగా ఉంది కదా అని ఊరుకునే ఏజెన్సీ ఇంకో రకం. మీరు చేరబోయేది ఏ రకమో తెలుసుకోవడానికి వారి పాత రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి చూపించమని అడగండి.

కాపీరైటర్‌కు దీనితో పనేమిటంటే, మీరు రాసిన మూడు శీర్షికల్లో ఏది ఎందుకు నిలిచిందో మా దగ్గర ఉంటుంది. వారానికోసారి మా బల్ల దగ్గరికి వచ్చి అడిగే కాపీరైటర్లు అరుదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా ప్రకటనల వ్యవస్థ ఒక ప్రకటనల సముదాయం గురించి నిలకడగా నేర్చుకోవడానికి వారంలో దాదాపు 50 ఫలితాలు కావాలని చెబుతుంది. చిన్న బడ్జెట్ మీద రెండు రోజులకే ఒక శీర్షిక గెలిచిందని ఎవరైనా ప్రకటిస్తే నమ్మకండి, ఆ శీర్షిక మీదే అయినా సరే.

సమాధానం: అటూ ఇటూ

ఇద్దరూ చెప్పింది చదివాను. వివరాల్లో తప్పు లేదు గాని, మొత్తం మీద చిత్రం కాస్త తియ్యగా వచ్చిందనిపిస్తోంది. నేను ఏజెన్సీలో అకౌంట్ మేనేజర్‌గా ఉండి, తరువాత ఒక కంపెనీ మార్కెటింగ్ విభాగానికి మారినదాన్ని. అంటే ఇప్పుడు క్లయింటును నేనే.

ఏజెన్సీలో త్వరగా నేర్చుకుంటారన్నది సగం నిజం. ఒకే ఏడాదిలో బీమా, చెప్పులు, విశ్వవిద్యాలయం, యంత్రాల విడిభాగాలు అన్నిటి గురించీ రాస్తారు, ఎక్కడ ఏ ప్రశ్న అడగాలో తెలిసిపోతుంది. కాని ఒక ఉత్పత్తితో మూడేళ్లు కాపురం చేస్తే తెలిసే సంగతులు అక్కడ తెలియవు. క్యాంపెయిన్ ముగిసిన ఆరు నెలలకు ఆ కొనుగోలుదారుల్లో ఎంతమంది నిలిచారు, ఎంతమంది సరుకు తిప్పి పంపారు, మనం ఇచ్చిన మాట వల్ల కస్టమర్ సర్వీసు వారికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్నది ఏజెన్సీ దాకా రాదు, అప్పటికి మరో క్లయింటు బ్రీఫ్ వచ్చి ఉంటుంది. చిత్తుప్రతి గారికి ఇప్పుడు ఆ సమాచారం అందుబాటులో ఉంది, దాన్ని చిన్నచూపు చూడవద్దు.

వేళల గురించి పై ఇద్దరూ పెద్దగా రాయలేదు. రాత్రిళ్లు మేలుకోవడానికి రోజువారీ పని కంటే పిచ్ ముఖ్య కారణం. కొత్త క్లయింటు కోసం మూడు నాలుగు ఏజెన్సీలు పోటీపడతాయి. ఎక్కువ సందర్భాల్లో ఎవరికీ దానికి డబ్బు ఇవ్వరు, గెలిచినవారికే పని దక్కుతుంది. టైమ్‌షీట్‌లో దానికి బిల్లయ్యే కోడ్ ఉండదు కాబట్టి, పగలంతా ఉన్న క్లయింట్ల పని చేసి, పిచ్ పనిని సాయంత్రాలకూ సెలవు రోజులకూ తోస్తారు. పాతకాపు గారు గంటల అమ్మకం గురించి బాగా చెప్పారు కాని, ఎవరికీ అమ్మని ఈ గంటలు ఎవరి ఖాతాలో పడతాయో చెప్పలేదు. అవి ఉద్యోగి ఖాతాలో పడతాయి. జపాన్‌లో డెంట్సు ఏజెన్సీలో 2015లో ఒక యువ ఉద్యోగిని ప్రాణం తీసుకున్నారు, అధిక పనిభారమే కారణమని అధికారులు తేల్చారు. చట్టవిరుద్ధంగా అదనపు గంటలు పనిచేయించినందుకు 2017లో న్యాయస్థానం ఆ సంస్థకు 5 లక్షల యెన్‌ల జరిమానా వేసింది. ప్రతి ఏజెన్సీ అలా ఉంటుందని నేను అనడం లేదు, అంత పెద్ద సంస్థలోనూ ఇది చాలాకాలం మామూలు విషయంగా చలామణి అయిందని గుర్తు చేస్తున్నాను.

రెండో సంగతి ఉద్యోగ భద్రత. ఏజెన్సీ ఆదాయంలో మూడో వంతు ఒకే క్లయింటు నుంచి వస్తుంటే, ఆ క్లయింటు వెళ్లిపోయిన నెలలో ఆ బృందమూ వెళ్తుంది, వారి పనిలో లోపం ఉన్నా లేకున్నా. పెద్ద గ్రూపుల్లో పేర్లే నిలవడం లేదు. 1864లో మొదలైన జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీ 2018లో వండర్‌మన్ అనే మరో ఏజెన్సీతో కలిసి కొత్త పేరు పెట్టుకుంది. 2024 నాటికి అది కూడా వీఎంఎల్ అనే ఏజెన్సీలో కలిసిపోయింది. ఏజెన్సీల గ్రూపు ఆమ్నికామ్ తన పోటీ గ్రూపు ఇంటర్‌పబ్లిక్‌ను కలుపుకోవడం 2025 నవంబరులో పూర్తయింది. ఇలాంటి కలయికల తరువాత ఒకే పనికి ఇద్దరెందుకన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మధ్యతరహా ఏజెన్సీకి ఆ బెడద తక్కువే గాని, దానికి ఒక్క క్లయింటు బెడద ఎక్కువ.

మూడోది, ఈ మధ్య వచ్చినది. మొదటి చిత్తుప్రతిని యంత్రమే రాసి ఇచ్చే ఉపకరణాలు వచ్చాక, ఆరు గంటలు పట్టే పని రెండు గంటల్లో అయితే ఏజెన్సీ ఎన్ని గంటలకు బిల్లు వేయాలి? క్లయింటుగా నేను ఈ ప్రశ్న అడుగుతున్నాను, సూటిగా జవాబు చెప్పగలిగిన ఏజెన్సీలు కొద్దే. కొందరు గంటలు వదిలి పనికింత అని ధర చెబుతున్నారు, అది నిజాయితీగా ఉంది. మరికొందరు పాత గంటలే బిల్లులో వేస్తూ తక్కువమందితో నడిపిస్తున్నారు. అక్కడ మిగిలిన కాపీరైటర్ పని యంత్రం రాసిన గుట్టలు దిద్దడమే అవుతుంది. మీకు దిద్దే మనిషి కావాలని చేరి, మీరే యంత్రానికి దిద్దేవారుగా మారితే ప్రయోజనం ఉండదు.

సమాధానం: పాతకాపు

అటూ ఇటూ గారు పిచ్ గురించి రాసింది న్యాయమే. ఒక్క మాట కలుపుతాను. పిచ్‌లోనే కొత్తవారికి క్రియేటివ్ డైరెక్టర్ పక్కన కూర్చుని ఆలోచన మొదటి నుంచి చివరిదాకా చూసే అవకాశం దొరుకుతుంది, రోజువారీ పనిలో అది దొరకదు. అందుకే చాలామంది ఆ రాత్రుల గురించి ఫిర్యాదు చేస్తూనే తరువాతి పిచ్‌లో పేరు ఇస్తారు. ఏడాదికి ఒకటి రెండయితే సరే, నెలకొకటి చేసే చోట మాత్రం పని నేర్పేవారికే తీరిక ఉండదు. ఉత్పత్తితో మూడేళ్ల కాపురం గురించి ఆవిడ చెప్పినదాంతో మాత్రం నాకు పేచీ ఉంది. చిత్తుప్రతి గారు ఆ కాపురం ఇప్పటికే చేస్తున్నారు, ఆమెకు కొరత దిద్దే మనిషి.

చిత్తుప్రతి

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని ఊహించలేదు. రెండో విడత ఇంటర్వ్యూ త్వరలో ఉంది, అందులో క్రియేటివ్ డైరెక్టర్ కూడా ఉంటారట. రిపోర్టు చూపించమని అడగడం నాకు తోచి ఉండేది కాదు. ఇంకా ఏమేమి అడిగితే అసలు పరిస్థితి బయటపడుతుంది? అడిగితే తప్పుగా అనుకుంటారేమో అన్న సంకోచం కూడా ఉంది. ఏజెన్సీలో రాసినవి తరువాత నా పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనుల నమూనాల సంకలనంలో) పెట్టుకోవచ్చా అన్నది మరో సందేహం.

సమాధానం: అటూ ఇటూ

సంకోచం వద్దు. ప్రశ్నలు అడగడమే ఆ ఉద్యోగం, అడిగినందుకు ముఖం చిట్లించే చోట బ్రీఫ్ మీద కూడా ప్రశ్న అడగనివ్వరు.

నేనైతే ముందుగా నన్ను ఎన్ని క్లయింట్ల పని మీద పెడతారని అడుగుతాను. ఇద్దరు ముగ్గురైతే లోతు ఉంటుంది, ఎనిమిది మందైతే ఒక్కొక్కరికీ సగం పూట మిగలదు. తరువాత, అన్నిటికంటే పెద్ద క్లయింటు నుంచి ఆదాయంలో ఎంత వాటా వస్తుందని అడుగుతాను. అంకె చెప్పకపోయినా, జవాబు చెప్పే తీరులోనే తెలుస్తుంది. కిందటి పిచ్ ఎప్పుడు జరిగింది, అది ముగిశాక పనిచేసినవారికి సెలవు ఇచ్చారా అన్నది మూడోది. ఈ స్థానంలో ఇంతకు ముందు ఎవరున్నారు, వారు ఎక్కడికి వెళ్లారు అన్నది ఆఖరుది. పైస్థాయికి ఎదిగి ఖాళీ అయిన కుర్చీ, ఏడాదిలో ముగ్గురు మారిన కుర్చీ ఒక్కటి కావు.

సమాధానం: పాతకాపు

క్రియేటివ్ డైరెక్టర్ ఎదురుగా ఉంటారన్నారు కాబట్టి ఇంకొకటి అడగండి. ఈ మధ్య ఏదైనా ఒక పనికి మొదటి చిత్తు, చివరి రూపం రెండూ చూపించి, మధ్యలో ఏం మారింది, ఎందుకు మారింది అని వివరించమనండి. ఉత్సాహంగా చూపించేవారి దగ్గర మీకు కావలసినది దొరుకుతుంది. ‘క్లయింటు అలా అడిగాడు’ అన్నదే ప్రతి మార్పుకూ కారణంగా వినిపిస్తే అక్కడ దిద్దేది క్లయింటే.

పోర్ట్‌ఫోలియో విషయంలో, ఉద్యోగంలో ఉండి రాసినదాని మీద హక్కు సాధారణంగా మీకు ఉండదు. అది ఏజెన్సీకో, ఒప్పందం ప్రకారం క్లయింటుకో చెందుతుంది. బయటికి వచ్చిన ప్రకటనలను మీ పాత్ర ఏమిటో రాసి చూపించుకోవడాన్ని చాలా ఏజెన్సీలు అనుమతిస్తాయి. బయటికి రాని పని, పిచ్ కోసం చేసిన పని, క్లయింటు అంకెలు మాత్రం గోప్యత షరతు కిందికి వస్తాయి, వాటిని అనుమతి లేకుండా పెట్టకండి. ఈ సంగతి నియామక పత్రంలో ఒక్క వాక్యంగానైనా రాయించుకోండి. అదే పత్రంలో, ఉద్యోగం మానేశాక ఏజెన్సీ క్లయింట్ల దగ్గర కొంతకాలం చేరకూడదన్న షరతు ఉందేమో, ఉంటే ఎంతకాలమో కూడా చూసుకోండి. ఏజెన్సీ నుంచి బయటికి వెళ్లేవారిలో చాలామంది చేరేది తమ పని చూసి పిలిచిన క్లయింటు దగ్గరే.